రెప్ప వేయని పిన్ని

హైదరాబాద్,
6 జూన్ 1993

సౌభాగ్య పిన్నికి, నీ చేతి అన్నం తిని ఇంతవాడైన దిలీప్ నమస్కారాలు.

నా తెలుగు చూసి నవ్వకు. బిలాస్‌పూర్‌లో మీ ఇంట్లో ఉండి చదివినన్నాళ్ళూ స్కూల్లో హిందీయే రాశాను. ఇక్కడ హాస్టల్లో తోటివాళ్ళు వెక్కిరిస్తుంటే గోడల మీది పోస్టర్లు చదివి తెలుగు నేర్చుకున్నాను. హిందీలో రాస్తే నువ్వు జవాబివ్వవని ఈ తంటా.

ఈ ఏడాది మా కోర్సులో ఒక్కొక్కరూ ఒక చిన్న సినిమా తీసి చూపించాలి. వీడియో కెమెరా యూనివర్సిటీదే. మిగతావాళ్ళు చేనేత మీద, మూసీ మురికి మీద తీస్తున్నారు. నేను దెయ్యం సినిమా తీస్తానన్నాను. మా మాస్టారు కళ్ళజోడు తీసి నన్నోసారి చూసి, భయపెట్టగలవా అని అడిగారు. గలనన్నాను. ఇప్పుడు భయపెట్టకపోతే నా పరువు పోతుంది.

కథ ఇది. రైల్వే క్వార్టర్‌లోకి కొత్త కుటుంబం దిగుతుంది. పక్క క్వార్టర్ కిటికీలో ఒకావిడ ఎప్పుడూ నిలబడి ఉంటుంది. మాట్లాడదు, రెప్ప వేయదు. ఈ ఇంట్లో ఉయ్యాలలో పసిపాప. అంతే. రక్తం లేదు, కోరలు లేవు, తెల్లచీర లేదు. పేరు 'రెప్ప'.

కిటికీలో ఆవిడవి నువ్వే. కాదనకు. చిన్నప్పుడు నేను ఎక్కాలు తప్పు చెబితే నువ్వు అరిచేదానివి కాదు, ఊరికే చూసేదానివి. అది చాలు. పాపను మాత్రం నువ్వే వెతికి పెట్టాలి, నీ దగ్గర వదిలి డ్యూటీకి వెళ్ళే తల్లులు ఉన్నారు కదా.

ఇంకో పని. నూకరాజు మావయ్య రోజూ వ్యాగన్ల మీద నంబర్లు రాస్తాడు కాబట్టి టైటిల్ ఆయన చేత రాయించు. నల్ల అట్ట మీద తెల్ల రంగు. అక్షరాలు ఎండుపుల్లల్లా సన్నగా ఉండాలి. 'రె' మీది ఎత్వం అక్షరానికి తగలకూడదు, పైన గాల్లో వేలాడాలి. 'ప్ప' కింది వత్తు జారి జారి అట్ట అంచుదాకా రావాలి. అట్టను చీకట్లో పెట్టి, పక్కనుంచి టార్చి వేసి, కెమెరాతో మెల్లగా దగ్గరికి వెళ్తాను. మొదటి భయం అక్కడే పుట్టాలి.

జులైలో వస్తాను. సూర్యం బాబాయి గూడ్సు బండి మీద లేని రోజులు ఎప్పుడో కనుక్కుని రాయి.

నీ
దిలీప్


బిలాస్‌పూర్,
19 జూన్ 1993

చిరంజీవి దిలీప్‌ని పిన్ని దీవించి రాయునది.

కన్నకొడుకైనా నన్ను దెయ్యం వేషం వేయమని అడిగేవాడు కాదు. నీ ఉత్తరం మీ బాబాయి పైకి చదివి, నీకు మేకప్పు ఖర్చు కూడా ఉండదు అని నవ్వాడు. ఆ పూట కూరలో ఉప్పు వేయలేదు. అడగకుండా తిన్నాడు.

సరే, వేస్తాను. మాటలు లేవంటున్నావు కాబట్టి ఒప్పుకుంటున్నాను. నాకు కంఠస్థం రాదు.

పాప దొరికింది. బుకింగ్ ఆఫీసులో క్లర్కు ఊర్మిళ కూతురు శ్రీవల్లి. పదినెలలది. నా దగ్గరున్న పిల్లల్లో అదే చిన్నది, అదే గడుసుది. ఊర్మిళ ముందు సందేహించింది. నేను దగ్గరే ఉంటానన్నాక, "మీరుంటే నాకేటి బెంగక్కా, మీకే వొదిలీసినాను" అంది. ఒక్క షరతు పెట్టాను, నాకు నేనే. పాప బుగ్గన దిష్టిచుక్క లేకుండా కెమెరా ముందు పెట్టేది లేదు. అంతమంది కళ్ళు పడే వస్తువు సినిమా. నీకు నచ్చినా నచ్చకపోయినా చుక్క ఉంటుంది.

ఇక నూకరాజు సంగతి. ఎత్వం గాల్లో ఉండాలని చెబితే, కుర్రాడు తెలుగు మర్చిపోయాడు పాపం అని జాలిపడి, ఎత్వం అతికించి, వత్తు కుదించి, చుట్టూ మల్లెతీగ వేసి పట్టుకొచ్చాడు. అచ్చం శుభలేఖ. మళ్ళీ చెప్పాను. రెండోసారి ఎర్ర రంగులో రాశాడు, దెయ్యం అంటే ఎరుపే కదా అంటాడు. మూడోసారి నువ్వు చెప్పినట్టే రాశాడు గానీ అట్ట నా చేతికిచ్చి, ఇది నేను రాశానని కాలనీలో ఎవరికీ చెప్పొద్దన్నాడు. మంచం కింద పెట్టాను. ఇల్లు ఊడ్చేటప్పుడు చూస్తే నాకే ఒళ్ళు జలదరించింది.

వచ్చేటప్పుడు మామిడితాండ్ర తీసుకురా. ఇక్కడ దొరికేది తోలులా ఉంటోంది.

పిన్ని


హైదరాబాద్,
8 ఆగస్టు 1993

పిన్నీ,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిన పులిహోర రాయపూర్ దాటకముందే అయిపోయింది.

రోజంతా ఎడిటింగ్ గదిలోనే ఉంటున్నాను. ఒక మెషీన్‌లో మనం తీసిన టేపు, రెండోదాంట్లో ఖాళీ టేపు. కావాల్సిన ముక్కను వెతికి, ఖాళీదాంట్లోకి ఎక్కించాలి. ఒక ముక్క పక్కన ఇంకో ముక్క పెడితే చాలు, రెండింట్లోనూ లేని అర్థం పుట్టుకొస్తుంది. ఇదే ఈ పనిలో ఉన్న మాయ.

నువ్వు కిటికీలో నిలబడ్డ ముక్క ఒకటి అద్భుతంగా వచ్చింది. దాని తర్వాత ఉయ్యాలలో పాపను పెట్టాను. మళ్ళీ నువ్వు. మళ్ళీ పాప, ఈసారి ఏడుపు మొదలుపెట్టే చోట. ఆ పూట పాప ఏడ్చింది పాలసీసా లాక్కున్నందుకు, నువ్వు కిటికీలో నిలబడింది మర్నాడు. తెర మీద మాత్రం నువ్వు చూసినందుకే పాప ఏడ్చింది. రైళ్ళ చప్పుడు మొత్తం తీసేసి ఫ్యాను కిర్రుమనే చప్పుడొక్కటే ఉంచాను. మాస్టారు కుర్చీలో వెనక్కి జరిగారు పిన్నీ. నా కళ్ళతో చూశాను.

మన కాలనీలో చూడ్డానికి ఒక కాపీ పార్సిల్లో పంపుతున్నాను. చివర పేర్లు పడతాయి, నీ పేరే మొదటిది. నూకరాజు మావయ్య పేరు కూడా వేశాను, తిట్టుకున్నా సరే.

దిలీప్


బిలాస్‌పూర్,
23 సెప్టెంబరు 1993

చి. దిలీప్‌కి,

వినాయకచవితి పందిట్లో నీ సినిమా వేశారు. ఏటా పందిట్లో టీవీ, వీసీఆర్ పెట్టి సినిమా వేస్తారుగా, దానికి ముందు నీది. కాలనీ అంతా వచ్చింది. మన తెలుగువాళ్ళే కాదు, అవతల లైను క్వార్టర్ల హిందీవాళ్ళూ, సిర్గిట్టి ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళూ కూడా. టైటిల్ పడగానే నూకరాజు ఎవరికీ చెప్పొద్దన్న మాట మర్చిపోయి లేచి నిలబడ్డాడు. కానీ తెలుగు చదవగలిగినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? ఏదో గీత జారుతోందని చూశారంతే.

తర్వాత ఎవరూ మాట్లాడలేదు. పిల్లలు కూడా. తెర మీద నన్ను నేను గుర్తుపట్టలేదు. అది నా చీరే, నా కిటికీయే. ఆ మనిషి మాత్రం నేను కాదనిపించింది. నీ పని నీకు బాగా వచ్చినట్టే ఉంది. పేర్లు పడేలోపే టేపు ఆపి పెద్ద సినిమా వేసేశారు.

నేను ప్రసాదం కోసం లేస్తే జనం జరిగి దారి ఇచ్చారు. ఇన్నేళ్ళలో పందిట్లో నాకు దారి ఇచ్చినవాళ్ళు లేరు, మోచేతులతో పొడుచుకుంటూ వెళ్ళడమే. మర్నాడు పిల్లలు ఇద్దరు రాలేదు. పండగ కదా, ఇంట్లో పిండివంటలు ఉంటాయి.

మీ బాబాయి బండి డ్యూటీలో లైను మీదున్నాడు. చూడలేదు.

పిన్ని


హైదరాబాద్,
2 అక్టోబరు 1993

పిన్నీ పిన్నీ,

నీ ఉత్తరం హాస్టల్లో అందరికీ చదివి వినిపించాను. పిల్లలు కూడా మాట్లాడలేదా! నీకు దారి ఇచ్చారంటే నువ్వు స్టార్ అయిపోయావన్నమాట. ఎవరెవరు ఎక్కడ భయపడ్డారో, పాప ఏడుపు దగ్గరా లేక అంతకుముందేనా, వివరంగా రాయి. నాకు పనికొస్తుంది.

ఒక్కదానికి మాత్రం ఒళ్ళు మండింది. పేర్లు వేయకుండా ఆపేస్తారా? ఒక్కో పేరూ అట్ట మీద రాసి, కెమెరాకి సరిగ్గా మధ్యకొచ్చేట్టు పెట్టడానికి ఎంత చచ్చానో వాళ్ళకేం తెలుసు. పేర్లు లేకపోతే అది సినిమా అని ఎలా తెలుస్తుంది?

శుభవార్త. ఢిల్లీలో విద్యార్థుల పోటీకి మా డిపార్ట్‌మెంటు 'రెప్ప'ను పంపబోతోంది.

దిలీప్


బిలాస్‌పూర్,
14 అక్టోబరు 1993

చి. దిలీప్‌కి,

పోటీకి వెళ్తున్నందుకు సంతోషం.

ఎవరెక్కడ భయపడ్డారని అడిగావు. పాప ఏడుపు దగ్గరేనట. శ్రీవల్లికి ఒంట్లో బాగాలేదు. పందిట్లో సినిమా చూసిన వారానికి జ్వరం, విరేచనాలు. రైల్వే ఆసుపత్రిలో పెట్టారు, ఇప్పుడు ఇంటికి తెచ్చారు. నేను చూడ్డానికి వెళ్తే ఊర్మిళ గుమ్మంలోనే నిలబడి, పాప పడుకుందని చెప్పింది. లోపల పాప ఆడుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

అప్పుడే ఒక మాట అడిగింది. సినిమాలో పాప బుగ్గన చుక్క లేదు, ఎవరు తుడిచారని. నేను తుడవలేదన్నాను. పాప దగ్గర ఉన్నది మీరొక్కరే కదా అంది. అవును, ఉన్నది నేనే. నాకు గుర్తున్నంతవరకూ రోజూ పొద్దున్నే కాటుకతో చుక్క పెట్టాను. మరి తెర మీద లేదు. నేనే చీర కొంగుతో ముఖం తుడిచి మళ్ళీ పెట్టడం మర్చిపోయానేమో. నీకేమైనా గుర్తుందా?

చివరి లైను అచ్చియమ్మగారు నీకు తెలుసుగా, పురుళ్ళకీ పేరంటాలకీ ముందుండే ఆవిడ. కొళాయి దగ్గర నా ఎదుటే అంది. "పిల్లల్లేని మనిషి. ఎంత ప్రేమగా సూసినా తగిలేస్తాది, ఆవిడి తప్పేటున్నాది?" నా మీద జాలిపడే అంది. జాలి కాబట్టి బిందె ఎత్తుకుని వచ్చేశాను. అవతల లైను వాళ్ళు ఇంకో మాట అంటున్నారు. టోన్హీ అని. చేతబడి చేసే ఆడదాన్ని ఇక్కడ అలా అంటారని నీకు తెలుసు.

ఇప్పుడు నా దగ్గరకు ఒక్క పిల్లాడే వస్తున్నాడు, వాళ్ళమ్మకు ఇంకో దారి లేక. వాడికి అన్నం పెట్టేటప్పుడు వాడి ముఖంలోకి చూడ్డం మానేశాను. చెయ్యి చూసి పెడుతున్నాను. ఏమో, ఎందుకొచ్చిన గొడవ.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ కిటికీలో నా చూపు నువ్వు మెషీన్‌లో ఏమైనా మార్చావా, లేక అది నా చూపేనా?

పిన్ని


హైదరాబాద్,
22 అక్టోబరు 1993

పిన్నీ,

నీ ఉత్తరం చదివి కోపం వచ్చింది. నీ మీద కూడా. ఇంటర్ చదివినదానివి, రోజూ పేపరు చూస్తావు, కొళాయి దగ్గరి మాటలు పట్టుకుని కూర్చుంటావా? వర్షాల తర్వాత ఆ కాలనీలో ఏ నీళ్ళు వస్తాయో మనకు తెలియదా? పాపకు జబ్బు చేసింది ఆ నీళ్ళవల్ల.

నీ ప్రశ్నకు జవాబు. చూపును మెషీన్ మార్చదు. నీ ముఖం నీదే. నేను చేసిందల్లా దాని పక్కన ఏ ముక్క పెట్టాలో ఎంచుకోవడమే. అదే నీ ముఖం పక్కన లడ్డూల పళ్ళెం పెడితే, ఆకలేసిందనుకుంటారు. దీన్ని పుస్తకాల్లో పెద్ద పెద్దవాళ్ళు రాశారు. ఊర్మిళగారికి ఇది అర్థమయ్యేట్టు చెప్పు. చుక్క సంగతి అసలు విషయమే కాదు, దాని గురించి మనసు పాడుచేసుకోకు.

పోటీకి పంపే కాపీలో ఏడుపు ముక్కను కొంచెం పొడిగించాను, ఇంకా బాగుంది.

దిలీప్


బిలాస్‌పూర్,
28 అక్టోబరు 1993

దిలీప్‌కి సూర్యం బాబాయి దీవెనలు.

నేను ఉత్తరాలు రాసేవాణ్ణి కాదు. మీ పిన్నికి తెలియకుండా స్టేషన్‌లో కూర్చుని రాస్తున్నాను.

నీ జవాబు వచ్చిన రోజున ఆవిడ ఒకటే వాక్యం పైకి చదివింది, "నీ ముఖం నీదే" అని. తర్వాత ఉత్తరం మడిచి పెట్టేసింది. నేను డ్యూటీకి బయల్దేరుతుంటే, "నా కళ్ళు మంచివి కావేటండీ?" అని అడిగింది. ఇరవై ఏళ్ళ సంసారంలో నన్ను అలాంటి ప్రశ్న అడగలేదు. నేను ఏదో సర్దిచెప్పాను, ఆవిడ నమ్మలేదు.

పోయిన మంగళవారం ఝాడ్‌ఫూంక్ అని మంత్రాలు ఊది చేతబడి విప్పేవాణ్ణి వెంటేసుకుని కొందరు మన గుమ్మం ముందుకొచ్చి, నిమ్మకాయలు కోసి వెళ్ళారు. నేను ఇంట్లో ఉన్నాను కాబట్టి సరిపోయింది. నేను లైను మీదున్న రోజున వస్తే ఏమవుతుందో నాకు తెలుసు. రాయగఢ్‌కు బదిలీ అడిగాను. మీ పిన్ని పెట్టె సర్దుతోంది. పిల్లల గిన్నెలూ గ్లాసులూ ఎవరివి వాళ్ళ ఇళ్ళకు పంపేసింది. పాతికమంది పిల్లల్ని పెంచిన ఇల్లు. ఇప్పుడు చప్పుడు లేదు.

నిన్ను తప్పుపట్టడం లేదు. నువ్వు చదువుకున్నవాడివి, ఏదో ఒక ఉపాయం ఉంటే చెప్పు.

సూర్యం


హైదరాబాద్,
4 నవంబరు 1993

పిన్నీ,

బాబాయి రాశాడు. ఆయన్ను ఏమీ అనకు.

ఎడిట్ చేయని టేపు అరలో పడి ఉంటే తీసి మొదటినుంచీ చూశాను. పని మొదలుపెట్టాక అటు చూడనే లేదు, నాకు కావాల్సిన ముక్కలే చూశాను.

చుక్క తుడిచింది నేను పిన్నీ. మొదటిరోజు నువ్వు ఎడమ బుగ్గన పెట్టావు, రెండోరోజు కుడి బుగ్గన పెట్టావు. ముక్కలు అతికిస్తే చుక్క అటూ ఇటూ గెంతుతుంది, జనం నవ్వుతారు. నువ్వు పాలు కాయడానికి లోపలికి వెళ్ళగానే రుమాలు తడిపి తుడిచేసి, పాప ముక్కలన్నీ మళ్ళీ తీశాను. టేపులో నా చెయ్యి కనిపిస్తోంది, నా వాచీ కూడా. షూటింగ్ అయ్యాక ఆ సంగతే మర్చిపోయాను. నువ్వు అడిగినప్పుడైనా గుర్తు తెచ్చుకోవాల్సింది. అసలు విషయమే కాదని రాశాను. నాకు సిగ్గుగా ఉంది.

ఇంకోటి ఉంది. కిటికీలో నీ చూపు. నిన్ను గోడవైపు చూడమన్నాను, నువ్వు గోడవైపు చూడలేదు. కెమెరా పక్కన నిలబడ్డ నన్ను చూస్తున్నావు. చూసి చూసి, "ఏటిరా, అలగ చిక్కిపోనావు? హాస్టల్లో పెట్టట్లేదేటి?" అన్నావు. ఆ మాట మొదలయ్యే ముందు కోసేశాను. మాట ఉంటే భయం పోతుందని. కాలనీ అంతా భయపడ్డ చూపు అది.

ఈ టేపు పట్టుకుని దీపావళికి వస్తున్నాను. నూకరాజు మావయ్య ఇంట్లో టీవీ పెట్టమని, ఊర్మిళగారిని, అచ్చియమ్మగారిని, వచ్చేవాళ్ళందరినీ పిలవమని ఆయనకు వేరే రాశాను. సినిమాను పోటీనుంచి వెనక్కి తీసుకున్నాను. మాస్టారికి నచ్చలేదు. అంత బాగా కుదిరిన కట్‌ను పాడు చేసుకునేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానన్నారు.

పెట్టె సర్దడం ఆపు పిన్నీ.

దిలీప్


బిలాస్‌పూర్,
24 నవంబరు 1993

చి. దిలీప్‌కి పిన్ని దీవెనలు.

చేరినట్టు కార్డు రాస్తానన్నావు, రాయలేదు. చేరే ఉంటావు.

నూకరాజు ఇంట్లో నువ్వు అందరి ముందూ నిలబడి, తుడిచింది నేనేనని చెబుతుంటే నాకు తల ఎత్తాలనిపించలేదు. నిన్ను అలా చూడలేక. టేపులో నా మాట వినబడగానే ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. నిన్ను చూస్తున్నానని నాకే తెలియదు, గోడనే చూశాననుకున్నాను. నువ్వు నిజంగా చిక్కిపోయావు. ఇప్పటికీ అలాగే ఉన్నావు.

అందరూ నమ్మారనుకోకు. అచ్చియమ్మగారు బయటికొచ్చి, టేపులో ఏమైనా చెయ్యొచ్చని ఆ కుర్రాడే చెప్పాడు కదా, మరి ఈ టేపులో చెయ్యలేదని ఏమిటి నమ్మకం అందిట. అవతల లైను తల్లులు ఇంకా పిల్లల్ని పంపడం లేదు. నిమ్మకాయలు మాత్రం మళ్ళీ రాలేదు. మీ బాబాయి బదిలీ కాగితం ఇంకా ఆఫీసులోనే ఉంది, వెనక్కి తీసుకోవాలా అని నన్ను అడుగుతున్నాడు. నేనింకా చెప్పలేదు.

ఊర్మిళ ఆ రోజు టేపు అయిపోగానే లేచి వెళ్ళిపోవడం నువ్వు చూశావు. తర్వాత కూడా రాలేదు. నేనూ వెళ్ళలేదు.

నిన్న పొద్దున వచ్చింది. ఆఫీసు చీర కట్టుకుని, శ్రీవల్లిని చంకనెత్తుకుని గుమ్మంలో నిలబడింది. పాప చిక్కి సగమైంది, నడక వచ్చేసింది. "డ్యూటీ ఉందక్కా" అని పాపను నా ముందు దింపింది. చెప్పులు విప్పి లోపలికొచ్చి, గోడకానుకుని నిలబడింది. టైమవుతోంది, వెళ్ళమన్నాను. వెళ్ళలేదు. నా ముఖమే చూస్తోంది. పాపను నేనెలా చూస్తానో చూడ్డానికే నిలబడిందని నాకు అర్థమైంది. కోపం కూడా వచ్చింది. పాప నా చీర పట్టుకుని లేచి నిలబడి, తల పైకెత్తి నన్ను చూసింది.

నెల రోజులుగా ఏ పిల్ల ముఖమూ చూడలేదు నేను. గోడకేసి చూడ్డం అలవాటైపోయింది. పాపను ఎత్తుకున్నాను. నా ముఖానికి ఎదురుగా పెట్టుకున్నాను. కళ్ళలోకి చూశాను. అది నా ముక్కు పట్టుకుంది. ఊర్మిళ చూస్తూనే ఉంది. నేను తల తిప్పుకోలేదు.

కాసేపటికి ఊర్మిళ చెప్పులు వేసుకుని డ్యూటీకి వెళ్ళింది.

పిన్ని